పట్టపగటి వెలుతురు

తెలుగులో పగలు అనే మాట సూర్యుడు కనిపించే కాలాన్ని చెబుతూనే ఆ కాలపు వెలుతురునూ స్ఫురింపజేస్తుంది. ఆ వెలుతురు నిండుగా పరచుకున్న వేళ పట్టపగలు. పగలు అన్న మాటను రెండుసార్లు పలికినప్పుడు, మొదటి మాటలో తొలి అచ్చు మీది అక్షరాలన్నీ పోయి వాటి చోట ద్విరుక్త టకారం, అంటే ‘ట్ట’, రావడం వల్ల ఈ రూపం ఏర్పడుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. బయలు బట్టబయలు అయ్యేదీ ఈ సూత్రంతోనే. ఈ రెండు మాటలకు అర్థంలోనూ చుట్టరికం ఉంది. దాపరికానికి చోటు లేకపోవడమే ఆ చుట్టరికం. పట్టపగలు దొంగతనం జరిగిందన్నప్పుడు వేళతోపాటు దొంగ తెగింపు కూడా తెలిసిపోవడానికి కారణమిదే.

కావ్యాలు మాత్రం పగటి అంచులనే ఎక్కువగా ఆదరించాయి. ప్రబంధానికి చెప్పిన అష్టాదశ వర్ణనలలో, అంటే పద్దెనిమిది వర్ణనీయాంశాలలో, సూర్యోదయ చంద్రోదయాలకు పెద్దపీట దక్కింది. పోతన భాగవతం సప్తమ స్కంధంలోని నరసింహావతార కథకూ పగలూ రాత్రీ కాని సంధ్యే ఆయువుపట్టు.

నిండు వెలుతురును కళగా మలుచుకున్నవారు పగటివేషధారులు. తోలుబొమ్మలాటకు రాత్రీ దీపమూ కావాలి. పగటివేషానికి రంగస్థలమూ తెరా లేకపోగా, ప్రేక్షకుడు చేతికందే దూరంలో నిలబడి చూస్తాడు. శరీరంలో ఒక సగం శివుడిగా, మరో సగం పార్వతిగా కనిపించే అర్ధనారీశ్వర వేషం వాకిట్లో ఎండలో నిలిచి మెప్పించిందంటే, ఆ రంగులోనూ నడకలోనూ లోపం లేదనే అర్థం.

మంగళగిరిలో పగలు మనిషిదన్న భావం ఆచారంగా కనిపిస్తుంది. రాత్రివేళ దేవతలు వచ్చి అర్చిస్తారన్న విశ్వాసంతో కొండమీది పానకాల నరసింహస్వామి ఆలయాన్ని పొద్దు వాలకముందే మూసివేస్తారు. సంధ్యలో వెలసిన దేవుడిని మానవులు పగలే సేవించుకోవాలి. కొండ కింది మగ్గాల మీద తెగిన పోగును పట్టి అతికే నేతగాడికీ, గుంటూరు సీమ కళ్లాలలో ఎండుమిర్చిని తిరగేస్తూ తాలుకాయ ఏరే కూలీకీ పగటి వెలుతురే పనిముట్టు. రాత్రి దేవతలదైతే పగలు పనిచేసే మనిషిది. ఉదయాస్తమయాల సొగసును తనివితీరా వర్ణించిన తెలుగు సాహిత్యం, మనిషి చేతిపనినీ నడతనూ తేటతెల్లం చేసే ఈ నడిపగటికి కూడా అంతటి గౌరవమే ఇవ్వాలి.