ఎవరూ తియ్యలేని పెట్టె

ఎన్నికలొస్తే చాలు, మా ఇంట్లో అందరి ఓట్ల సంగతీ మావారే తేల్చేస్తారు. "మావి నాలుగూ మీకేనండీ" అని గుమ్మంలోకొచ్చిన వాళ్లకి మాటిచ్చేస్తారు కూడా! అప్పుడల్లా నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది.

అమ్మమ్మది పశ్చిమగోదావరిలో, కాలవగట్టు మీదున్న ఓ పల్లెటూరు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది. ఎంత తేడాతోననుకున్నారు? ఒక్కటంటే ఒక్క ఓటు! దాంతో 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి మళ్లీ ఎన్నికలొచ్చాయి. అంతటి పంతులుగారిని దింపిన ఒక్క ఓటు లాంటిదే మా అమ్మమ్మ చేతిలోనూ ఒకటి ఉందన్నమాట.

తాతయ్య కాంగ్రెసు మనిషి. పాలేళ్లు కమ్యూనిస్టులు. కాడెద్దులా, కంకీ కొడవలా అని అరుగుల మీద ఒకటే వాదన. ఆ రోజుల్లో అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద వాళ్ల గుర్తు ఉండేవి. చాటుకెళ్లి మనక్కావలసిన పెట్టెలో చీటీ పడేసి రావడమే. తాతయ్య ఆడవాళ్లకి గూడుబండి కట్టించి, "కాడెద్దుల పెట్టె, మర్చిపోకండి" అని పదిసార్లు అప్పజెప్పించుకుని మరీ పంపారట.

తిరిగొచ్చాక అడిగారు.

"వేశావా?"

"ఆయ్, వేశానండి."

"ఎందులో?"

"పెట్టెలోనండి."

ఎంత అమాయకురాలో అని తాతయ్య పగలబడి నవ్వారట.

196 స్థానాల్లో కాంగ్రెసు కూటమికి 146 వచ్చాయి, కమ్యూనిస్టులకి 15. తాతయ్య ఊరంతా జీళ్లు పంచారు. కానీ ఓడినవాళ్లకీ నూటికి 31 ఓట్లదాకా పడ్డాయి. అవన్నీ ఎవరివో ఏ మగాడికి తెలుసు!

తాతయ్య పోయాక ఓసారి నేనే అడిగాను, "ఇప్పుడైనా చెప్పవే అమ్మమ్మా, ఎందులో వేశావ్?" అని.

అమ్మమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే అంది: "పుట్టింటివాళ్లిచ్చిన కావిడిపెట్టె తాళాలు కూడా మా అత్తగారి బొడ్లోనే ఉండేవమ్మా. నాదంటూ ఎవరూ తియ్యలేని పెట్టె అదొక్కటే. దాన్ని నీకు తీసి చూపించమంటావా?"

నేను మళ్లీ అడగలేదు.

2024 మేలో ఓటేసి వస్తుంటే మావారు యథాలాపంగా అడిగారు, "ఎందులో వేశావ్?" అని. ఇప్పుడు పెట్టెలు లేవుగా!

"మిషన్లోనండీ" అన్నాను.

ఆయన మాత్రం తాతయ్యలా నవ్వలేదు.