అన్నా పావెల్కా ఇంటి పాతర

ఈ పూట మీకొక పెద్దావిడ గురించి చెప్పాలని ఉంది. మన ఊరావిడ కాదు. అమెరికా నడిమధ్యన నెబ్రాస్కా రాష్ట్రంలో, కనుచూపు మేర గడ్డే తప్ప చెట్టన్నది అరుదైన మైదానంలో బతికిన రైతమ్మ. పేరు అన్నా పావెల్కా. 1869లో పుట్టి 1955లో పోయింది. ఎనభై ఆరేళ్ళ బతుకు!

పుట్టింది బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో. 1880లో పదకొండేళ్ళ పిల్లగా అమ్మానాన్నలతో నెబ్రాస్కా చేరింది. అప్పట్లో ఆ మైదానంలో దిగినవాళ్ళకి ఇల్లు కట్టుకుందామంటే కలప దొరికేది కాదు. నాగలితో గడ్డినేలను పెళ్ళలుగా కోసి, ఇటుకల్లా పేర్చి గోడలు లేపేవారు. వాన పడితే పైకప్పులోంచి బురద కారేది. పొయ్యిలోకి కట్టెలు ఉండేవి కావు. ఏం వాడేవారో మీకు చెప్పనక్కర్లేదు, పిడకలే. గడ్డి మెలేసి కట్టలు కట్టి కూడా మంట పెట్టేవారు.

తొలి చలికాలం దాటకుండానే, 1881 ఫిబ్రవరిలో, అన్నా తండ్రి తన ప్రాణం తానే తీసుకున్నాడు. పరాయి దేశం, రాని భాష, మీద పడ్డ మంచు, తండ్రి లేని ఇల్లు. ఈడొచ్చాక ఆ పిల్ల దగ్గరలోని రెడ్ క్లౌడ్ అనే చిన్న ఊళ్ళో ఒక ఇంట పనికి కుదిరింది. తర్వాత ఒక రైల్వే ఉద్యోగిని నమ్మి వెళ్ళి, మోసపోయి, కడుపుతో పుట్టింటికి తిరిగొచ్చింది. 1892లో ఆడపిల్ల పుట్టింది. ఆ రోజుల్లో అది ఎన్ని మాటలు పడాల్సిన సంగతో ఊహించుకోండి. అన్నా తన బిడ్డను తను పెంచుకుంది. ఆ పైన జాన్ పావెల్కా అనే చెక్ రైతును పెళ్ళాడింది. ఇద్దరూ కలిసి ఇల్లు నిండా పిల్లల్ని కన్నారు, సేద్యం నిలబెట్టారు.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. మైదానపు సేద్యం అనగానే మనకు గోధుమ చేలు, ట్రాక్టరు మీద మగాడు కళ్ళ ముందు మెదులుతాయి. నిజానికి పంట అనేది ఏడాదికోసారి వేసే పందెం. నెబ్రాస్కాలో 1870ల్లో మిడతల దండు పైరుని నేలమట్టం చేసింది. 1888 జనవరి 12న వచ్చిన మంచు తుపాను బడి నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లల్ని సైతం పొట్టన పెట్టుకుంది. 1890ల్లో కరువు. ఏ ఏడన్నా బాగా పండితే ధర పడిపోయేది. అమ్మితే గిట్టక మొక్కజొన్న కండెలను పొయ్యిలో పెట్టి చలి కాచుకున్న ఇళ్ళున్నాయి. మళ్ళీ 1930ల్లో ఏళ్ళ తరబడి కరువు, దుమ్ము తుపాన్లు. మరి ఆ ఇళ్ళల్లో మనుషులు ఏం తిని బతికారు?

ఆడవాళ్ళ కష్టం మీద బతికారు. పెరటి కూరగాయలు ఇల్లాలివి, కోళ్ళు ఆవిడవి, పాడి ఆవిడది. గుడ్లూ వెన్నా ఊళ్ళోకి తీసుకెళ్ళి కొట్లో ఇచ్చి, చక్కెర, కాఫీ, నూలు తెచ్చుకునేది. పంట సొమ్ము అప్పులకీ పనిముట్లకీ పోయేది. రోజు గడిచేది గుడ్ల డబ్బుతో. పిండి సంచుల గుడ్డతో పిల్లలకి గౌన్లు కుట్టేది, చిరిగిన బట్టలు కలిపి బొంతలు కుట్టేది, పందికొవ్వులో బూడిద క్షారం కలిపి సబ్బు వండేది. కుప్పనూర్పిళ్ళ నాడు ఇరుగుపొరుగు మగవాళ్ళంతా సాయానికి దిగితే, వాళ్ళందరికీ పొద్దుటి నుంచి వండి వార్చేది. 1930ల మధ్యకు కూడా అమెరికా పల్లె సేద్యపు ఇళ్ళలో సుమారు పదింట ఒక్కదానికే కరెంటు ఉండేదంటే, ఈ పనంతా చేత్తోనే అని అర్థం.

అన్నా ఇంటి పక్కన ఒక పాతర ఉంది. మనవాళ్ళు ధాన్యం పాతరలు తవ్వినట్టే, వాళ్ళు నేలలోకి మెట్లు దింపి, కప్పు వేసి, పళ్ళూ ఊరగాయలూ దాచే గది కట్టుకున్నారు. వేసవిలో చల్లగా, చలికాలంలో గడ్డకట్టకుండా ఉంటుంది. చెర్రీలు, ప్లమ్ పళ్ళు, దోసకాయల ఊరగాయ, అన్నీ గాజు సీసాల్లోనూ పీపాల్లోనూ. సీసా మూత సరిగా పడకపోతే లోపలి సరుకు పాడవుతుంది, కాబట్టి అది ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. ఆ పళ్ళతోనే కొలాచెలు కాలుస్తారు చెక్ ఆడవాళ్ళు: నడుమ పళ్ళ గుజ్జో, గసగసాల ముద్దో పెట్టిన మెత్తని తీపి రొట్టెలు. ఆ ఇల్లూ ఆ పాతరా ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. నెబ్రాస్కాలోనే ఒమాహాలోనో లింకన్‌లోనో ఉంటున్న మన తెలుగువాళ్ళు ఒక రోజు పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూసి రండి. ఆ మెట్లు దిగితే ఒక రైతుకుటుంబానికి ప్రాణం ఎక్కడుందో తెలుస్తుంది.

ఇంతకీ ఈవిడ సంగతి మనదాకా ఎలా వచ్చింది? రెడ్ క్లౌడ్‌లో అన్నా పనిచేసిన ఇంటికి దగ్గర్లోనే ఒక చదువుకునే పిల్ల ఉండేది, అన్నాకన్నా నాలుగేళ్ళు చిన్న. పేరు విల్లా కాథర్. ఆ పిల్ల పెద్ద రచయిత్రి అయ్యాక అన్నాను మరిచిపోలేదు. ఇంటికి వెళ్ళి చూసింది, పిల్లలతో మాట్లాడింది, పాతర చూసింది. 1918లో 'మై ఆంటోనియా' నవల రాసింది. అందులో ఆంటోనియా మన అన్నాయే. 1926లో జాన్ పోయాడు, 1947లో విల్లా పోయింది. అన్నా వాళ్ళిద్దరినీ దాటి, మనవల్నీ మనవరాళ్ళనీ చూసుకుంటూ బతికింది. 1955లో, ఆఖరి రోజుల్లో, ఒక బడిపిల్ల ఉత్తరం రాసి అడిగితే తన కథంతా స్వయంగా రాసి పంపింది. పుస్తకంలో ఉన్నది చాలా మటుకు నిజమేనని కూడా చెప్పింది.

ఆ మైదానంలో అన్నాలాంటి వాళ్ళు వేలమంది. పక్కింట్లో రాసే పిల్ల లేకపోవడం వల్ల వాళ్ళ పేర్లు మనకు తెలియవు. మన పల్లెల్లోనూ అంతే కదండీ? భూమి కాగితం మీద తాతయ్య పేరుంటుంది. విత్తనం పురుగు పట్టకుండా దాచిన నాయనమ్మ పేరు ఏ కాగితం మీదా ఉండదు.

అందుకని మీకొక మాట. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు 'ఎంత కష్టపడ్డావో' అని జాలిపడి ఊరుకోకండి. పని గురించి అడగండి. కందులకి బూడిద పట్టించేదా, వేపాకు వేసేదా? పాల డబ్బు ఎవరి చేతిలో ఉండేది? పంట పోయిన ఏడాది ఇల్లు ఎలా గడిపింది? ఆమె చెప్పింది చెప్పినట్టు, సంవత్సరం వేసి, నోటు పుస్తకంలో రాయండి. ఆమె ఉండగానే రాయండి.