గాలి గొట్టం

నేను బి.యస్సీ. చదువుతున్నాను కాబట్టి మా ఊరివాళ్ల దృష్టిలో సగం డాక్టర్ని, సగం ఇంజనీర్ని. మొన్న వేసవి సెలవుల్లో ఆ రెండు సగాలూ కలిసి నా పరువు తీశాయి.

మాది ఆదిలాబాద్ దగ్గర పత్తి పండించే ఇల్లు. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఊళ్లో నలుగురితోపాటు మేమూ పెరట్లో సెప్టిక్ ట్యాంకుతో మరుగుదొడ్డి కట్టించుకున్నాం. అంతకుముందు నాయనమ్మ తెల్లారకముందే చెంబు పట్టుకొని వాగు వైపు పోయేది. ఇప్పుడామెకు మోకాళ్లు వంగవు. పత్తి డబ్బులు చేతికి రాగానే బాపు, "అవ్వకు కూసునేటట్టు కమోడ్ పెట్టిద్దాంరా" అన్నాడు.

కమోడ్ రావలసిన మూలలోనే నాలుగంగుళాల పీవీసీ గొట్టం ఒకటి నేలలోంచి లేచి, కప్పు దాటి పైకి పోయింది. నాయనమ్మ పట్టుకొని లేవడానికి కడ్డీ బిగించవలసిన చోటు కూడా అదే.

"దీంట్ల నీళ్లు పోవు, ఏం పోవు. ఉత్త గాలి గొట్టం. కోసి మూత బెడితే పీడ పాయె" అన్నాడు సుతారి.

బాపు నావైపు చూశాడు. "ఏమంటవ్‌రా? సైన్సు చదువుతున్నవ్ గదా!"

ఆ గొట్టం ఎందుకుందో నాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ అనిపించింది. "తీసెయ్యమను" అన్నాను.

టైల్సు పడ్డాయి, కమోడ్ వచ్చింది. నాయనమ్మ మురిసిపోయింది. నాలుగోనాటికి వాసన మొదలైంది. నీళ్లు పోస్తే గుడగుడమని బుడగలు. అమ్మ సీసాల కొద్దీ ఫినాయిలు పోసింది. లాభం లేదు.

ఒక తెల్లవారుజామున నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా మళ్లీ చెంబు పట్టుకొని పోయి, చీకట్లో గట్టు మీద జారి పడింది. అదృష్టం, ఎముక విరగలేదు. మోచెయ్యి చీరుకుపోయింది. కట్టు కడుతుంటే మెల్లగా అంది: "నా వల్లనే ఇల్లంత వాసనొస్తున్నదనుకున్న బిడ్డా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన! కాలేజీ లాబ్‌లో కిప్ పరికరం దగ్గర ముక్కు మూసుకొని పట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అదే కదా! ట్యాంకులో మలం కుళ్లుతుంటే ఆ వాయువూ, మీథేనూ పుడుతూనే ఉంటాయి. బకెట్ నీళ్లు లోపలికి పోతే అంత గాలీ బయటికి రావాలి. దారి మూసేశాం కాబట్టి కమోడ్ వంపులో నిలిచే రెండంగుళాల నీటిని తోసుకొని ఇంట్లోకే వస్తోంది. పైగా జోరుగా దిగే నీళ్లు ఆ వంపులో నీటిని కూడా తమవెంట లాగేస్తాయి. గాలి గొట్టం ఉంటే పైనుంచి గాలి అంది, ఆ నీళ్లు నిలుస్తాయి. నేను కోయించింది మరుగుదొడ్డి ముక్కు.

ఇంకో సంగతి గుర్తొచ్చి వణుకు పుట్టింది. ఈ విషవాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదని ట్యాంకులో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. రక్షణ లేకుండా మనుషుల్ని అందులోకి దింపడాన్ని 2013లో చట్టమే నిషేధించింది.

పొద్దున్నే బాపుతో చెప్పాను: "నాకు తెల్వకనే తీసెయ్యమన్న బాపూ."

బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చేనుకు ఏం తెగులొచ్చిందో తెల్వదన్నోడే అడిగి సరైన మందు తెస్తడు. తెలిసినట్టు జేసినోడే పంట కాల్చుకుంటడు" అన్నాడు.

రెండు టైల్సు పగిలాయి. సుతారి మళ్లీ వచ్చాడు. ఈసారి ఇద్దరం కూర్చొని ఆలోచించాం. మూత తీసి, నలభై అయిదు డిగ్రీల బెండ్లు రెండు వేసి, గొట్టాన్ని గోడలోంచి బయటికి తిప్పాం. లోపల చేరే చెమ్మ వెనక్కి ట్యాంకులోకే జారేటట్టు వాలు ఇచ్చాం. బయటి గోడ వెంట కప్పుకంటే ఎత్తుకు లేపి, దోమలు రాకుండా పైన జాలీ కట్టాం. ఖాళీ అయిన మూలలో కడ్డీ బిగించాం.

బుడగల చప్పుడు పోయింది. వాసనా పోయింది. చెంబు అటకెక్కింది.

వాయు నియమాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. అవే నియమాలు మా పెరట్లో పనిచేస్తున్నాయని మాత్రం నాయనమ్మ పడితే గాని నాకు తెలియలేదు. ఇప్పుడు ఎవరైనా ఏదైనా తీసేద్దామంటే, ముందు అది అక్కడెందుకుందో అడుగుతున్నాను. నాయనమ్మ మాత్రం వచ్చినవాళ్లందరికీ ఆ గొట్టం చూపించి, "మా మనుమడు పెట్టిచ్చిండు" అని చెబుతోంది. కోయించిందెవరో చెప్పదు.