వగరు తీరిన పండు

కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నగరమున మా అబ్బాయి యింటి పెరటిలో, కార్తికమాసపు చలికి ఆకులు రాల్చుకొని పండ్లను మాత్రము కొమ్మలనిండ నిలుపుకొనియున్న చెట్టు నొకదానిని చూచి, ఇది యేమి చెట్టమ్మా యని కోడలి నడిగితిని. "పెర్సిమన్ మామయ్యగారూ. ఇది ఫుయూ రకం, గట్టిగా ఉన్నప్పుడే తినొచ్చు" అని ఆమె పండు కోసి యిచ్చినది. టొమాటోవలె అణగియున్న ఆ పండున గింజ లేదు, కొఱికిన కరకరలాడినది, తీపి. ఆ ధైర్యముతో, పొరుగువారు పంపిన, కొనదేరిన హచియా రకపు పచ్చిపండును గూడ కొఱికితిని. అంగిలి పిడచగట్టి, నాలుక మొద్దువారినది. "అది మెత్తబడేదాకా ఆగాలి తాతయ్యా!" యని మనుమరాలు నవ్వినది.

ఆ వగరు నాకు క్రొత్తది కాదు. బాల్యమున పల్నాటి బంధువులు వేసవిలో కొంగున మూటగట్టి తెచ్చిన తుమికిపండ్లలో, సరిగా మాగని దానిని తిన్ననాడు నేనెఱిగినదే. ఎఱుగకుండుటెట్లు? రెండును ఒక్క కుటుంబమువే. సంస్కృతమున తిందుకమనబడు మన తుమికిని, సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బరో దొర 1795లో వెలువడిన తన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథమున వర్ణించి, నల్లచేవ మాను అను నర్థము వచ్చు పేరిడెను. మనవారు ఆకును బీడీలకు కోయించి, పండును అడవిలోనే మఱచిరి. చీనా జపానులవారు తమ చెట్టును శతాబ్దములు పెరటిలో సాకి, వగరులేని రకములను ఏరుకొనిరి. ఈ భేదము నన్ను నేటికిని బాధించుచున్నది.

వగరునకు మూలము కాయలోని టానిను. అది నీట కరగు స్థితిలో నున్నంతకాలము నోరు పట్టివేయును. పండు మాగినకొలది కరగని రూపము దాల్చును గనుక నాలుకకు తెలియదు. కాగితపు సంచిలో అరటిపండు తోడుంచి మా కోడలు హచియాను మెత్తబఱచుట చూచి, వరిగడ్డిలో మామిడికాయలను మాగవేయుచుండిన మా అమ్మ జ్ఞప్తికి వచ్చినది.

ఒక అంటుమొక్కను రేపల్లెలో నాటవలెనని ఎంతయో ఆశపడితిని. కాని అది శీతకాలమున కొంతకాలమైనను గట్టి చలిలో నిద్రింపక తిన్నగా కాయదు. మన దేశమున కులూ లోయవంటి చల్లని తావులు దానికి హితములు. కృష్ణ సముద్రమును చేరబోవు మా పల్లపు నేలలో పుష్యమాసమునను అంత చలి యెక్కడిది? కావున దాని చుట్టమే యైన నీటితుమికి మొక్కను తెచ్చి, పెరటి బోదె గట్టున నాటితిని. వాగుల యొడ్డున సహజముగ పెరుగు జాతి యగుటచే దానికి మా చెమ్మ బెదురు లేదు. వంగదేశపు జాలరులు దాని కాయరసమునే వలలకును పడవలకును పూసి, నీటికి చివుకకుండ కాపాడుకొనెదరు. నాలుగేండ్లలో నడుమెత్తు మాత్రమే పెరిగినది. ఫాల్గుణమున మాత్రము లేతయెఱుపు చివురు తొడుగుచున్నది. ఈ యేటి చివురును ఫోనులో చూపగా, "కాయ ఎప్పుడు తాతయ్యా?" యని మనుమరాలడిగినది.