అంతరంగ న్యాయము – అంతర్గర్భిత చిహ్నములు

గోదావరీ డెల్టాలో పెరిగినవారికి ఒకదాని లోపలినుండి మఱియొకటి వెలువడు వ్యవస్థను వేఱుగా బోధింప నక్కఱలేదు. 1847–1852 సంవత్సరముల నడుమ ఆర్థర్ కాటన్ ఆనకట్ట నిర్మించిన పిమ్మట ధవళేశ్వరము, బొబ్బర్లంక, విజ్జేశ్వరముల కడ బయలుదేఱిన ప్రధాన కాలువలనుండి శాఖాకాలువలు, వానినుండి పిల్లకాలువలు, వానినుండి పంటబోదెలు ఏర్పడినవి. రైతు బోదెకు మట్టి వేసి కట్టినచో ఆ బోదె మాత్రమే మూతపడును. విజ్జేశ్వరము కడ తలుపులు దించినారని ఎవ్వరును భ్రమపడరు. ఏ మూత ఏ తెఱపికి చెందినదో గుర్తించుటయే ఇందలి కీలకము. ఈ చిన్న విషయమును మఱచిన ఒక కంప్యూటరు విధానము ఒక గురువుగారి సిద్ధాంతమును తలక్రిందు చేయబోయిన వృత్తాంతము ప్రాచ్యవిద్యాపరులకు ఉపకరింపగలదు.

రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు సమీపమున ఒక వృద్ధ వైయాకరణుడు కలడు. బాల్యమున కోనసీమలో గురుకులవాసము చేసి, శబ్దశాస్త్రమును సాంతముగా అధ్యయనము చేసి, పిదప పెక్కేండ్లు అధ్యాపనమున గడపినవాడు. నాగేశభట్టు పరిభాషేందుశేఖరమునకు ఆయన గురువుగారు స్వహస్తముతో వ్రాసికొన్న టిప్పణి యొకటి ఆయన కడ నున్నది. దానికి రెండవ ప్రతి లేదు. కాగితము అంచులు పొడి యగుచుండుటయు, తన చూపు మందగించుటయు గమనించి ఆయన ఆ టిప్పణిని కంప్యూటరునం దెక్కింపుమని మనుమని కోరెను. మనుమడు ఆ వృత్తిలోని వాడే. పీహెచ్‌పీ అను భాషతో ఒక చిన్న గ్రంథనిర్వహణ వ్యవస్థను కూర్చి, రాత్రులు కూర్చుండి పాఠమును టైపు చేసెను.

పీహెచ్‌పీ 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ లోకమునకు వెలువరించిన భాష. తొలుత ‘పర్సనల్ హోం పేజ్’ అను మాటల సంక్షేపముగా నున్న ఆ పేరు తరువాత ‘పీహెచ్‌పీ: హైపర్‌టెక్స్ట్ ప్రీప్రాసెసర్’ అను విస్తరణమును పొందినది. అనగా విస్తరించిన పేరులో మొదటి మాట మరల ఆ పేరే. ఇది విని వృద్ధుడు నవ్వి, “నామకరణంలోనే ఆత్మాశ్రయం పెట్టుకున్నారన్నమాట!” అనెను.

మనుమడు చేసిన ఏర్పాటు ఇట్టిది. రెండు మీసాల కుండలీకరణములతో భాగము తెఱచుకొనును, వెంటనే దాని పేరు – మూలము, వ్యాఖ్య, పూర్వపక్షము, సమాధానము – వచ్చును, పిదప పాఠము, తుదకు రెండు కుండలీకరణములతో మూత. వ్యాఖ్యలో పూర్వపక్షము, ఆ పూర్వపక్షములో మఱియొక అవాంతర శంక ఇముడవచ్చును. శాస్త్రగ్రంథములు చదివినవారికి ఇది క్రొత్త కాదు. ‘నను’ అనగా పూర్వపక్షము తెఱచుకొనును. ‘ఇతి చేత్’ అనగా మూతపడును. శంకలో శంక వచ్చినపుడు ముందు కనబడు ‘ఇతి’ లోపలి శంకకే చెందును గాని వెలుపలిదానికి చెందదు.

ఒకనాటి సాయంకాలము మనుమడు సిద్ధమైన పుటను చదివి వినిపించుచుండెను. వృద్ధుడు చటుక్కున చేయి యెత్తి ఆపెను.

“ఇది మా గురువుగారి మాట కాదురా.”

“తెర మీద ఉన్నదే చదివాను, తాతగారూ.”

“ఉండవచ్చు. ఆయన ఖండించిన పక్షాన్ని ఆయన నోటే చెప్పిస్తున్నావు. సమాధానం ఏదీ?”

ప్రతిని తెచ్చి చూడగా సమాధానము అచ్చటనే యున్నది. తెరపై లేదు. దోషము ఇట్లు సంభవించినది. తెఱపి నుండి ‘మొదట దొఱకిన మూత వఱకు’ గ్రహింపుమని విధానమునకు ఆదేశము. వ్యాఖ్య తెఱచుకొన్నది, లోపల పూర్వపక్షము తెఱచుకొన్నది, మొదట దొఱకిన మూత పూర్వపక్షమునకు చెందినది. యంత్రము దానిని వ్యాఖ్యకే మూతగా భావించి అంతటితో ముగించినది. పిమ్మటి సమాధానము ఏ పేరును లేని శేషముగా మిగిలినందున ‘చెత్త’ యని తుడిచివేయబడినది. ఆ పుటను చదువు విద్యార్థి గురువుగారిని ఆయన నిరాకరించిన మతమునకే ప్రతిష్ఠాపకునిగా ఎంచి యుండును. రెండవ ప్రతి లేని గ్రంథమునకు ఇంతకంటె అపచారము లేదు.

మనుమడు ఆదేశమును మార్చి ‘చివర దొఱకిన మూత వఱకు’ అనెను. అపుడు పుటలోని మొదటి వ్యాఖ్య తెఱపి చిట్టచివరి వ్యాఖ్య మూతతో జతపడి, నడుమ నున్న మూలమంతయు వ్యాఖ్య యైపోయెను. అల్పగ్రహణమున అవ్యాప్తి, అధికగ్రహణమున అతివ్యాప్తి.

అపుడు వృద్ధుడు స్యోనశబ్దసిద్ధిని జ్ఞాపకము చేసెను. సివ్ ధాతువునందలి వకారమునకు ఊఠ్ రాగా సి, ఊ, న అని నిలుచును. ఇకారమునకు ఊకారము పరమగుటచే యణాదేశము ప్రాప్తించును. న ప్రత్యయమును బట్టి గుణమును ప్రాప్తించును. యణాదేశమునకు నిమిత్తము లోపల నున్నది, గుణమునకు నిమిత్తము వెలుపల నున్నది. కావున అంతరంగమైన యణాదేశము ముందు, బహిరంగమైన గుణము పిదప. అట్లు చేసిననే స్యోన యగును. “లోపల మరో తెరపి లేని భాగాన్ని ముందు పట్టుకో. దాని పని పూర్తిచేసి, తిరిగి మొదటినుంచి చూడు. మార్చవలసింది ఏమీ మిగలనప్పుడు ఆగు” అనెను. మనుమడు విస్మితుడయ్యెను. తన వృత్తిలో ఎఱిగిన మార్గములలో ఒకటి సరిగా ఇదియే.

రెండవ మార్గమును అతడు తాతగారికి చెప్పెను. పాఠమును ఎడమనుండి కుడికి ఒక్కసారి చదువుచు, తెఱపి కనబడినపుడెల్ల దాని పేరును దొంతిపై పెట్టవలెను. మూత కనబడినపుడు దొంతి పైనున్నదానిని తీయవలెను. దొంతికుండలలో పైకుండ తీయక క్రిందికుండ తీయరాదు గదా. పాఠము ముగియునప్పటికి దొంతి ఖాళీ కావలెను. ఏదైనను మిగిలినచో ఒక మూత లోపించినది. ఖాళీ దొంతిపై మూత వచ్చినచో ఒకటి అధికము.

ఇట్టి వ్యవస్థ మన భాషలోను పెద్దయెత్తున నడచుచున్నది. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ పీహెచ్‌పీలో వ్రాయబడినదే. అందు ‘మూస’ అను పేరుగల భాగములు ఒకదానిలో నొకటి ఇముడుచుండును. 2008 నాటి సంస్కరణమునుండి అది పాఠమును ముందుగా వృక్షరూపమున ఏర్పఱచికొని, కావలసిన శాఖలను మాత్రమే విస్తరించుచున్నది. తనను తానే పిలుచు మూసను గుర్తించి ఆపుచున్నది, లేనిచో అనవస్థయే.

అష్టాధ్యాయి అధికారవ్యవస్థయు ఇట్టిదే. మూడవ అధ్యాయారంభమున (3.1.1) తెఱచుకొన్న ప్రత్యయాధికారము అయిదవ అధ్యాయాంతము వఱకు వ్యాపించును. దానిలో ధాత్వధికారము (3.1.91) తృతీయాధ్యాయాంతము వఱకు, దానిలో భూతాధికారము 3.2.84 మొదలు 3.2.122 వఱకు. భూతాధికారము మూతపడినను ధాత్వధికారము నిలిచియే యుండును. 1967లో పీటర్ ఇంగర్‌మన్ కంప్యూటరు భాషల నిర్మాణమును తెలుపు బేకస్ పద్ధతికి పాణిని పేరును జోడింపవలెనని సూచించుటకు సూత్రరచనలోని ఇట్టి నియతియే ప్రేరకము. అట్లని పాణిని కంప్యూటరు నెఱిగినవాడని చెప్పుట ఆ మహర్షికి గౌరవము కాదని వృద్ధుని అభిప్రాయము. మన ఊరి నన్నయ తెనిగించిన భారతమున సూతుడు శౌనకాదులకు చెప్పు కథలో వైశంపాయనుడు జనమేజయునకు చెప్పును. అందు బృహదశ్వుడు ధర్మరాజునకు నలకథ చెప్పును. నలకథ ముగియగానే శ్రోత నైమిశమునకు పోడు, కామ్యకవనమునకే మరలును. ఒకదానిలో నొకటి ఇమిడ్చి, తప్పక వెలికి వచ్చుట మనుష్యబుద్ధికి సహజమని ఆయన మాట.

దొంతి పద్ధతితో టిప్పణి అంతయు మరల పరీక్షింపబడెను. వృద్ధుడు ఒక్క నిబంధన పెట్టెను: జత కుదురని భాగమును యంత్రము మాట్లాడక తుడిచివేయరాదు, తప్పును ఎదుట నిలిపి చూపవలెను. అట్లు చూపిన తప్పులలో పెక్కు టైపు దోషములే, దిద్దబడినవి. ఒక్కటి మాత్రము దిద్దుటకు వీలుకాలేదు. ఒక పూర్వపక్షమునకు ప్రతియందే మూత లేదు. గురువుగారు ‘నను’ అని ప్రారంభించి, ‘ఇతి చేత్’ వ్రాయుట మఱచినారు, లేదా శిష్యులకు తెలియునని విడిచినారు. మూత లోపించినదని యంత్రము చెప్పగలిగినది. ఎచ్చట ఉండవలెనో చెప్పజాలలేదు.

సూత్రకారుడు అధికారమునకు స్వరితమును గుర్తుగా పెట్టెను (1.3.11). ఆ స్వరితచిహ్నములు సూత్రపాఠమున నేడు మిగులలేదు. ఏది స్వరితమో గురుపరంపర చెప్పవలసినదే. ఈ టిప్పణికి ఆ పరంపరలో మిగిలినవాడు ఆ వృద్ధుడొక్కడే. సహాధ్యాయులలో ఎవ్వరును జీవించిలేరు. ఆయన మూడు దినములు ఆ పంక్తులను మరల మరల చదివించుకొనెను. ఆ పాఠము చెప్పిననాడు గురువుగారు ఎచ్చట ఆగినారో, ఎచ్చట స్వరము మార్చినారో తలచుకొనుచుండెను. నాలుగవనాటి ఉదయమున రెండు వాక్యముల నడుమ ఒక తావును చెప్పి, అచ్చట మూత పెట్టుమనెను.

మనుమడు పెట్టెను. దొంతి ఖాళీ యయ్యెను. కాని ఆ మూతకు ప్రక్కన ఒక గుర్తు చేర్పుమని వృద్ధుడు కోరెను: ఇది మాతృకలో లేదు, శిష్యుని స్మృతినిబట్టి చేర్చబడినది అని. ఇతరులకు వేఱొక తావు యుక్తమని తోచినచో వారు మార్చుకొనుటకు వీలుండవలెను గదా అని ఆయన కారణము చెప్పెను.