గోడలో దాగిన గడ్డరు

విజయవాడ రోడ్డు మీద బస్సులోంచి చూస్తే చౌటుప్పల్ అంటే షట్టర్లు, హోటళ్లు, మందుల కంపెనీల బోర్డులే. రెండు గల్లీలు లోపలికి నడిస్తే పాత ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. రాతిగోడలు, వాటి మీద ఇనుప గడ్డర్లు, గడ్డర్ల మీద షాబాదు బండలు, ఆపైన సున్నపు గచ్చు. మా పెద్దనాయిన ఇల్లు అలాంటిదే. సిమెంటు స్లాబు అందరికీ అందని రోజుల్లో గడ్డర్ల ఇల్లంటే ఊళ్లో ఆ లెక్కే వేరు.

పోయిన వానాకాలం నడింట్లో ఒక గడ్డరు గోడలోకి దిగేచోట చీలిక వచ్చింది. మేస్త్రిని పిలిచారు. చీలికలో సిమెంటు కూరాడు, గడ్డరుకు వెండిరంగు పూశాడు, డబ్బులు తీసుకుని వెళ్లాడు. నెల తిరక్కుండా మళ్లీ చీలింది. ఈసారి అరచేతంత పెచ్చు ఊడి పెద్దమ్మ మంచం మీద పడింది. ఆమె అప్పుడు వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది.

"ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల బొక్కలనే తిన్నయి బిడ్డా, ఇనుమొక లెక్కనా?" అన్నాడు పెద్దనాయిన. మా దిక్కు ఏం పాడైనా నింద ఫ్లోరైడ్ మీదికే పోతుంది. అలా అనడానికి కారణమూ ఉంది. 2015లో ఇంటింటికీ మంచినీళ్ల పథకానికి పైలాన్ కట్టింది కూడా ఈ ఊళ్లోనే కదా! కానీ ఇనుము తుప్పు పట్టడానికి అంత దూరం పోనక్కర్లేదు. నీళ్లూ గాలీ చాలు. మిద్దె మీద ప్లాస్టిక్ ట్యాంకు పొంగినప్పుడల్లా నీళ్లు కారేది సరిగ్గా ఆ గోడలోకే.

హైదరాబాద్ నుంచి తెలిసిన ఇంజినీరు ఒకాయన వచ్చారు. గడ్డరు వైపు చూడనైనా లేదు, ముందు ట్యాంకు ఖాళీ చేయమన్నారు. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. తర్వాత మంచాలు బయటికి. ఆ తర్వాత గడ్డరుకు రెండు పక్కలా జాకీల వరుస, వాటి మీద అడ్డంగా చెక్కలు. చెక్క బండలకు ఆనితే చాలు, పైకి లేపొద్దన్నారు. లేపితే బండలు పగులుతాయట. అప్పుడుగానీ సుత్తి పట్టుకోలేదు. నడుమ కొడితే ఖంగుమంది. గోడ పక్కన కొడితే తడిసిన డప్పులా బొద్దుగా మోగింది.

పెద్దనాయిన వాదన ఒక్కటే. "సారూ, నడుమ ఇసుమంత గూడ వంగలే. యాభై ఏండ్ల సంది చూస్తున్న." మనలో చాలామంది లెక్క అదే. ఇంజినీరు కాగితం మీద గీసి చూపించారు. గడ్డరును అడ్డంగా కోస్తే ఇంగ్లిషు 'ఐ' అక్షరం. పైనా కిందా రెక్కలు, మధ్యలో నిలువు పలక. వంగకుండా కాచేది ముఖ్యంగా రెక్కలు, ఆ పని నడుమ ఎక్కువ. గోడ దగ్గరికొచ్చేసరికి వంపు తగ్గిపోతుంది. అక్కడ బరువంతా కత్తెరలా కోస్తుంది, దాన్ని మోసేది నిలువు పలక. "నడుమ వంగితే కంటికి కనిపిస్తుంది పెద్దాయనా. గోడలో తెగితే కనిపించదు" అన్నారు.

గోడ విప్పారు. తుప్పు మడతకాజాలా పొరలు పొరలుగా లేచి ఉంది. ఇనుము తుప్పుగా మారితే కొన్ని రెట్లు ఎక్కువ జాగా తీసుకుంటుంది. అదే ఉబ్బి రాళ్లను తోసింది. మేస్త్రి పూడ్చిన చీలిక దాని పనే. పొరలు రాల్చి తీగబ్రష్షుతో రుద్దితే, 8 మిల్లీమీటర్లు ఉండాల్సిన రెక్క 3 కూడా లేదు. నిలువు పలకకు పడిన బొక్కలోంచి నా పెన్ను అవతలికి వెళ్లింది. మిగతాదంతా వెండిరంగులో తళతళలాడుతూనే ఉంది.

నాకు మోర్బీ గుర్తొచ్చింది. గుజరాత్‌లోని ఆ వేలాడే వంతెనను మరమ్మతు చేశామని 2022 అక్టోబరు 26న తెరిచారు. 30న తెగిపడి 135 మంది పోయారు. ఒక ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అంతకుముందే తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తు బృందం తేల్చింది. పెద్దమ్మకు ఈ సంగతి చెబితే, "మరి రంగెవడేసిండు?" అంది.

పలక వెల్డింగ్ చేసి సరిపెట్టొచ్చేమోనని అడిగాను. ఇనుము కాస్త అరిగితే అది పనికొస్తుందట. ఇంత పలచబడ్డాక వెల్డింగ్ పట్టడానికి చోటేది? పాతది లాగేసి కొత్త గడ్డరు ఎక్కించారు. గోడలో దాని కింద కాంక్రీటు దిమ్మె పోశారు. లోపలికి పోయే కొసకు తుప్పు పట్టని ప్రైమరు రెండు పూతలు. వీటన్నిటికంటే ముఖ్యమైన పని చివర్లో జరిగింది. ట్యాంకు చోటు మారింది, పొంగిన నీళ్లు పోవడానికి గొట్టం వచ్చింది.

ఆ గదిలో ఇంకా మూడు గడ్డర్లున్నాయి. రెండింటి కొసలు విప్పి చూస్తే గట్టిగానే ఉన్నాయి. మూడోదాన్ని సంక్రాంతి తర్వాత విప్పాలి. అప్పటిదాకా దాని పక్కన జాకీలు అలాగే ఉంటాయి. ఒకదానికి పెద్దమ్మ అప్పుడే కూరగాయల సంచీ తగిలించింది.