బుస్సుమన్నది కుక్కర్ కాదు, కారు

వంటింట్లో తిరిగేవాళ్ళకి చెవులు కాస్త ఎక్కువే పనిచేస్తాయండీ. పక్కగదిలో బట్టలు మడతపెడుతూనే పప్పుకి ఎన్ని విజిల్స్ వచ్చాయో చెప్పేస్తాం. గాస్కెట్ వదులైతే కుక్కర్ విజిల్ వెయ్యకుండా పక్కనుంచి బుస్సుమంటుందని మనకెవరూ పాఠం చెప్పలేదు. అవే చెవులు కారు దగ్గరికొచ్చేసరికి ఎవరి లెక్కలోకీ రావు!

మా కారుకి ఎనిమిదేళ్ళు. ఈ ఎండాకాలం, కారు ఆపి తాళం తీశాక ముందువైపు నుంచి సన్నగా బుస్సుమని చప్పుడు రావడం మొదలైంది. "ఏసీ గ్యాస్‌లే, అన్ని కార్లకీ ఉంటుంది" అన్నారు మావారు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "కామనే మేడమ్" అన్నాడు.

వేరే రోజుల్లో అయితే సరేననేదాన్నేమో. కానీ ఆ ఆదివారమే శ్రీశైలం ప్రయాణం. హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్ల పైమాటే. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల అడవి, ఆ తర్వాత ఘాట్ రోడ్డు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. కారులో 74 ఏళ్ళ అత్తయ్య, ఇద్దరు పిల్లలు. అక్కడ బండి ఆగిపోతే ఎవర్ని పిలుస్తాం? అందుకే ఆ చప్పుడు సంగతేమిటో తేల్చుకుందామనుకున్నాను.

నిజానికి వాళ్ళు చెప్పిందీ అబద్ధం కాదు. ఏసీ నడుస్తున్నప్పుడు పైపుల్లో ఒకవైపు గ్యాస్ ఎక్కువ ఒత్తిడితో, ఇంకోవైపు తక్కువ ఒత్తిడితో ఉంటుంది. ఆపగానే రెండూ సమానమవుతూ బుస్సుమంటుంది. అది మామూలుగా డ్యాష్‌బోర్డ్ వెనక నుంచి వినిపించి, ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. దానివల్ల భయమేమీ లేదు. అయితే అది ఏసీదేనని తెలిసేదెలా? మర్నాడు పొద్దున అసలు ఏసీ వెయ్యకుండా, అద్దాలు దించుకుని రైతుబజార్‌కి వెళ్ళొచ్చాం. కారు ఆపాక మళ్ళీ అదే బుస్సు. అంటే ఏసీ కాదు.

రెండోది బ్రేకు. బ్రేకు తేలిగ్గా పడటానికి సాయం చేసే బూస్టర్ అని ఒకటుంటుంది. అందులో లీకుంటే పెడల్ దగ్గర బుస్సుమంటుంది. పరీక్ష సులువే. ఇంజన్ ఆపి ఉండగా పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. మాది దిగింది. దిగకుండా గట్టిగానే ఉండిపోతే మాత్రం ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

ఇక మిగిలింది ముక్కు. బానెట్ దగ్గర నిలబడితే ఒకరకమైన తియ్యటి వాసన. చప్పుడు ఐదు నిమిషాలైనా ఆగలేదు. ఆ రాత్రి కారు కింద పాత అట్టముక్కలు పరిచాను. పొద్దున్నకి వాటిమీద ఆకుపచ్చ చుక్కలు! కూలెంట్ డబ్బాలో మట్టం కూడా కింది గీతకన్నా దిగిపోయింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మావారికి అట్టముక్కలు చూపించాను. వెంటనే చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తియ్యబోయారు. "ఏవండీ, ఆగండి! కుక్కర్ ప్రెషర్ పోకుండా మూత తీస్తారా?" అని చెయ్యి పట్టుకుని ఆపాను. ఇదీ అంతే కదా. మూత బిగించి ఒత్తిడిలో ఉంచుతారు కాబట్టే లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. వేడిమీద మూత తీస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. గుడ్డ అడ్డం పెట్టినా ఆగవు. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆ మూత జోలికి వెళ్ళకూడదు.

పొద్దున్నే మెకానిక్‌ని ఇంటికే పిలిపించాం. ఈసారి అట్టముక్కలు చూపించి, "ఏసీ వెయ్యకపోయినా వస్తోంది, ఐదు నిమిషాలు దాటి ఉంటోంది, తియ్యటి వాసన, పచ్చటి చుక్కలు" అని చెప్పాను. "కామనే" అనలేదు. పంపు తగిలించి రేడియేటర్‌లోకి గాలి ఎక్కించి చూశాడు. పైన ఉండే రబ్బరు పైపుకి క్లిప్పు కింద సన్నటి చీలిక. చల్లగా ఉంటే మూసుకుంటుంది, వేడెక్కి ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది. కారే చుక్కలు వేడి ఇంజన్ మీద పడి బుస్సుమంటున్నాయి. బండి నడుస్తుంటే ఆ హోరులో వినపడదు, ఆపాకే తెలుస్తుంది. "ఘాట్‌లో ఈ పైపు విడిపోతే కూలెంటంతా పోయి ఇంజన్ పట్టేసేది మేడమ్" అన్నాడు. పైపూ క్లిప్పులూ మార్చి, కొత్త కూలెంట్ పోశాడు. ఆదివారం ప్రయాణం ఆగలేదు. అత్తయ్య దారంతా కునుకు తీశారు.

మీకూ ఇలాంటి చప్పుడు వినిపిస్తే నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి. ఎక్కడి నుంచి వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏసీ లేకపోయినా వస్తోందా, వాసనా తడీ ఉన్నాయా. "ఏదో సౌండ్ వస్తోంది" అంటే ఎవరూ పట్టించుకోరు. ఈ నాలుగూ చెబితే బానెట్ ఎత్తకుండా ఉండలేరు. ఇంకో మాట, కారిన కూలెంట్ విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. కనబడగానే గుడ్డతో తుడిచేసి, బాగా నీళ్ళు పోసి కడిగెయ్యండి.